విద్యుత్ కారు – ఎదురుచూపు వెల

నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పారు. ఆలస్యం అమృతం విషమని చెప్పినవారు కూడ ఆ పెద్దలే. ఈ రెండింటిలో ఏది ఏ సమయానికి వర్తిస్తుందో తెలిపే మూడవ సామెతను మాత్రం వారు మనకు అప్పగించి వెళ్ళలేదు. ఆ నిర్ణయం ఎవరి సంసారానికి వారే చేసుకోవాలని వారి అభిప్రాయం కాబోలు. పెండ్లి, ఇల్లు, పిల్లల చదువు – వీటి విషయంలో ఈ చిక్కు అందరికీ అనుభవమే. ఇటీవల మధ్యతరగతి ఇండ్లలో మరొక ప్రశ్న ఈ వరుసలో చేరింది. విద్యుత్తుతో నడిచే చిన్న కారును ఇప్పుడే కొనాలా? మరికొంత కాలం ఆగాలా? ఏడాది కాలంగా మా ఇంట ఈ ప్రశ్న చుట్టూ జరిగిన తర్జనభర్జనను సంచిక పాఠకుల ముందుంచుతున్నాను. నేటి విద్యార్థులే రేపటి గృహస్థులు గనుక ఇది వారికి కొంత ఉపకరించవచ్చు.

మా తండ్రుల తరానికి ఈ ప్రశ్న ఎదురుకాలేదు. ఆనాడు ఎదురుచూపు కొనేవాని ఇష్టం కాదు. అది వ్యవస్థ విధించిన నియమం. బజాజ్ స్కూటరుకు డబ్బు కట్టి పేరు నమోదు చేసుకొన్నవారు సంవత్సరాల తరబడి తమ వంతు కొరకు కాచుకొనేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 విడుదలైనప్పుడు సైతం కొనగోరువారి జాబితా కార్ల సంఖ్యను ఎంతో మించిపోయింది. నేడు పరిస్థితి తారుమారైంది. వాహనం దుకాణంలో సిద్ధంగా ఉన్నది; కాచుకొని కూర్చున్నవాడు కొనుగోలుదారుడు. ఇతరులు విధించిన నిరీక్షణలో ఓపిక ఉంటే చాలు. మనకు మనమే విధించుకొన్న నిరీక్షణలో వివేకం కూడ కావాలి.

విద్యుత్ కారు నిన్న మొన్న పుట్టినది కాదు. 20వ శతాబ్ది ఆరంభంలోనే అమెరికా నగర వీధులలో బ్యాటరీ కార్లు తిరిగాయి. 1912లో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు అమర్చడంతో చేతితో హ్యాండిల్ తిప్పే ప్రయాస తప్పింది. పెట్రోలు చౌకగా లభించింది. బరువైన సీసపు బ్యాటరీల కార్లు క్రమంగా వెనుకబడినాయి. మన దేశంలో 2001లో బెంగళూరు నుండి ‘రేవా’ అనే బుల్లి కారు వెలువడింది గాని, అది సామాన్య కుటుంబాల వాహనం కాలేకపోయింది. దారి చూపినది లిథియం అయాన్ బ్యాటరీ. దానికి రూపమిచ్చిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలను 2019లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి వరించింది. 2010 ప్రాంతంలో ఒక కిలోవాట్ గంట విద్యుత్తును నిలువ చేసే బ్యాటరీ వెల వేయి డాలర్లకు పైమాటే. 2024 నాటికి అది ప్రపంచ సగటున సుమారు 115 డాలర్లకు దిగివచ్చింది. ఫలితంగా 2022 సెప్టెంబరులో టాటా టియాగో విద్యుత్ కారు 8.49 లక్షల ప్రారంభ ధరతోను, 2023లో ఎం.జి. కామెట్ 7.98 లక్షల ప్రారంభ ధరతోను మన ముందుకు వచ్చాయి. కారు మాట ఉపన్యాసకుల విశ్రాంతి గదిలో వినబడటం అప్పటినుండే మొదలైంది.

ఇట్లు వెల తగ్గుతూ రావడమే చిక్కు తెచ్చింది. పదిహేనేండ్లుగా తగ్గుతున్నది రేపు మరికొంత తగ్గదా అని మనసు అడుగుతుంది. అయితే ఆగినవారికి అన్నీ లాభాలే కలిగాయని చెప్పలేము. విద్యుత్ కారు కొరకు తీసుకొన్న అప్పుపై వడ్డీకి ఆదాయపు పన్నులో లక్షన్నర రూపాయల వరకు మినహాయింపునిచ్చిన నిబంధన 2023 మార్చి 31 లోపు మంజూరైన అప్పులకే పరిమితమైంది. 2019 ఆగస్టు నుండి విద్యుత్ వాహనాలపై జి.ఎస్.టి. 5 శాతమే ఉన్నది. కాని 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు కార్లపై పన్ను 28 శాతం నుండి 18 శాతానికి తగ్గడంతో రెండింటి మధ్య వ్యత్యాసం మళ్ళీ పెరిగింది. కనుక విపణి వైపు చూస్తూ కూర్చుంటే ఒక ఏడు ముందడుగు, మరొక ఏడు వెనుకడుగు. అలలు తగ్గిన తరువాత సముద్ర స్నానం చేద్దామనుకొన్నవాని కథ ఉద్దానం తీరంలో నివసించే మాకు వేరుగా చెప్పనక్కరలేదు.

మా ఇల్లు వజ్రపుకొత్తూరు మండలంలో ఒక చిన్న గ్రామం. జీడిపిక్కల వ్యాపారం నిమిత్తం మా తండ్రిగారు అక్కడ స్థిరపడ్డారు. ఉద్యానవనమే ఉద్దానమైనదని అంటారు. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య దారులు. ఆ దారుల చివర సముద్రపు హోరు. ఆ పచ్చదనం మాటున ఉన్న వ్యాధి గురించి పాఠకులకు తెలియనిది కాదు. మూత్రపిండాల జబ్బు ఈ ప్రాంతంలో ఎన్ని ఇండ్ల తలుపు తట్టినదో లెక్క లేదు. శాస్త్రజ్ఞులు నీటిని, మట్టిని, ఎండలో శ్రమను, మందుల వాడకాన్ని పరిశీలించినా మూలకారణం ఇదమిత్థమని తేలలేదు. రెండేండ్ల క్రితం మా అమ్మగారికి డయాలసిస్ అవసరమైంది. పూర్వం రోగులు విశాఖపట్నం వరకు పరుగెత్తవలసి వచ్చేది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమైనాయి. వైద్యం దగ్గరకు వచ్చిందనుటలో సందేహం లేదు. మిగిలినది ఇంటినుండి పలాసకు గల 20 కిలోమీటర్లు మాత్రమే. వారానికి మూడు పర్యాయాలు, రాకపోకలు కలిపి 40 కిలోమీటర్లు, ఆటోలో.

నాలుగు గంటల డయాలసిస్ తరువాత మనిషి ఎంత నీరసించిపోతుందో చూచినవారికే తెలుస్తుంది. ఆ స్థితిలో గాలి దుమ్ముల మధ్య, గతుకుల దారిలో, తల ఆనించుకొనే చోటు లేని ఆటోలో తిరుగు ప్రయాణం. కనుక మా ఇంట కారు మాట హోదా కొరకు పుట్టినది కాదు. ఆమె వెనుక సీటులో ఒరిగి కళ్ళు మూసుకొని ఇంటికి చేరాలన్నదే మా కోరిక.

కోరిక ఎంత న్యాయమైనదైనా జీతగాడు లెక్క వేయక తప్పదు. నెలకు డయాలసిస్ ప్రయాణాలు పదమూడు. అవి 520 కిలోమీటర్లు. బంధువుల ఇండ్లు, సంత, టెక్కలి పనులు కలుపుకొంటే నెలకు 700 కిలోమీటర్లు. చిన్న విద్యుత్ కారు ఒక యూనిట్ విద్యుత్తుతో సుమారు 7 కిలోమీటర్లు పోతుంది. చార్జింగులో పోయే నష్టంతో కలిపి నెలకు 110 యూనిట్లకు పైగా కావాలి. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విషయమొకటి ఉన్నది. కారు వాడే యూనిట్లు మన బిల్లులో అడుగున చేరవు, పైన చేరుతాయి. మా ఇంటి వాడకం 150 యూనిట్లు. కారు రాకతో అది 260 దాటుతుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన స్లాబుల ప్రకారం 225 యూనిట్ల వరకు యూనిట్ 6 రూపాయలు, ఆపైన 400 వరకు 8.75 రూపాయలు. సర్దుబాటు చార్జీలు కలుపుకొని కారు ఖర్చు నెలకు సుమారు వేయి రూపాయలని తేలింది. అంటే కిలోమీటరుకు 1.40. నూరు రూపాయలు దాటిన పెట్రోలుతో అదే దూరానికి నాలుగు వేలకు పైగా అవుతుంది. నెలకు 3,200 రూపాయల ఆదా.

ఈ ఆదా ఎన్నాళ్ళకు అసలు తీరుస్తుంది? 2025 చివరలో చిన్న పెట్రోలు కారు అయిదు లక్షల ప్రాంతంలోను, అదే పరిమాణపు విద్యుత్ కారు ఎనిమిది లక్షల ప్రాంతంలోను మొదలయ్యాయి. మూడు లక్షల తేడాను నెలకు 3,200 చొప్పున పూడ్చడానికి దాదాపు 8 సంవత్సరాలు పడుతుంది. కంపెనీలు సాధారణంగా బ్యాటరీకిచ్చే హామీ కూడ 8 సంవత్సరాలే. గేర్లు మార్చనక్కరలేని పెట్రోలు కారుతో పోల్చితే తేడా రెండు లక్షలు. అది అయిదేండ్లలో పూడుతుంది. మా శ్రీమతి స్కూటరు మీద పలాస వరకు నిర్భయంగా పోయి రాగలదు. క్లచ్చి, గేరు లేని కారును ఆమె త్వరగా అలవరచుకోగలదు. నేను తరగతి గదిలో ఉండే వేళలో అమ్మగారిని ఆసుపత్రికి తీసుకొని పోవలసినది ఆమెయే. కనుక ఈ రెండవ పోలికే మాకు సరియైనది.

బ్యాటరీని అద్దెకిచ్చే పద్ధతి కూడ ఒకటి వచ్చింది. 2024 సెప్టెంబరులో ఎం.జి. విండ్సర్ కారు ఈ పద్ధతిలో 9.99 లక్షలకు విడుదలైంది. బ్యాటరీతో సహా కొంటే అప్పటి ధర 13.50 లక్షలు. అయితే అద్దె అప్పట్లో కిలోమీటరుకు 3.50 రూపాయలు. దానికి విద్యుత్తు ఖర్చు చేర్చితే కిలోమీటరుకు అయిదు రూపాయలకు చేరువవుతుంది. పెట్రోలుతో పోల్చితే మిగిలేది స్వల్పం. ముందు తక్కువగా కనబడిన వెల దారిపొడుగునా వసూలవుతుందన్నమాట.

అసలు ప్రశ్న ‘ఎప్పుడు’ అన్నది. దీనిపై మా అర్థశాస్త్ర ఉపన్యాసకులతో ఎన్నో సాయంకాలాలు చర్చించాను. ఆటోకు ఒక పర్యాయానికి 600 చొప్పున నెలకు 7,800 రూపాయలు. అదే దూరానికి విద్యుత్తు ఖర్చు 730. నెలకు 7,000, ఏడాదికి 84,000 మిగులు. బీమా, మరమ్మతులకు 30,000 తీసివేస్తే 54,000. ఒక ఏడాది ఆగితే ఇది పోతుంది గదా అన్నాను. ఆయన నవ్వి, “మాష్టారూ, ఇప్పుడు కొన్న కారు ఏడాదికి ఏడాది పాతబడుతుంది. ఎనిమిదిన్నర లక్షల బండి పదేండ్లు మన్నుతుందనుకొంటే ఏటా 85,000 అరుగుదల. ఆగితే మీకు 31,000 లాభమే. ధర మరొక 50,000 తగ్గితే 81,000” అన్నారు. ఆయన లెక్కలో దోషం లేదు.

కాని ఆ అంకెను నేను మరొక విధంగా భాగించి చూచాను. ఏడాదిలో ఆసుపత్రి ప్రయాణాలు 156. 31,000ను 156తో భాగిస్తే ఒక్కొక్క ప్రయాణానికి 200 రూపాయలు. 81,000 అయితే 520 రూపాయలు. అంటే ప్రశ్న ఇప్పుడు ఇట్లు మారింది: అమ్మగారు డయాలసిస్ రోజున ఆటోకు బదులు కారులో ఒరిగి రావడానికి ఒక్కొక్క పర్యాయానికి 200 మొదలు 520 రూపాయలు అదనంగా ఇవ్వడానికి మేము సిద్ధమా? ఈ రూపంలో అడిగిన తరువాత మా ఇంట ఎవరికీ సందేహం మిగలలేదు. గణితం మనకు బదులుగా నిర్ణయం చేయదు. నిర్ణయం ఖరీదు ఎంతో చెప్పి తప్పుకొంటుంది. అంతవరకు మౌనంగా మా చర్చలు విన్న అమ్మగారు అన్న మాట ఒక్కటే: “తాపీగానే వేసుకో నాయనా నీ లెక్కలు. అవి తేలేదాకా నాకు ఆటో ఉంది కదా!”

మా తండ్రిగారు జీవించి ఉండగా జీడిపిక్కల కొనుగోలులో పాటించిన నియమం కూడ ఈ సందర్భంలో స్ఫురించింది. మార్చి మొదలు మే, జూన్ వరకు ఉద్దానంలో పిక్కలు రాలుతాయి. 80 కిలోల బస్తా ధర పూటకొక తీరుగా మారుతుంది. పలాస, కాశీబుగ్గలలోని కార్ఖానాలు మాత్రం ఏడాది పొడుగునా నడవాలి; పిక్క కొట్టి పప్పు తీసే ఆడవారికి పని ఉండాలి. “అట్టడుగు ధరకు పిక్క కొన్నవాణ్ణి ఇంతవరకు చూడలేదు; కొన్నామని చెప్పుకొనేవాళ్ళను చాలామందిని చూశాను” అనేవారాయన. ధర అడుగు ఎక్కడున్నదో అది దాటిపోయిన తరువాతనే తెలుస్తుంది. పని ఆగకుండ, అప్పులో మునగకుండ కొన్నవాడే వ్యాపారి అని ఆయన సిద్ధాంతం.

అప్పు మాట వచ్చింది గనుక ఆ విషయం కూడ చెప్పాలి. మా కుటుంబంలో వడ్డీ అప్పుకు దూరంగా ఉండటం తరతరాల ధార్మిక నియమం. జిత్నీ చాదర్ ఉత్నేహీ పావ్ – దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాచుకోవాలని ఉర్దూ సామెత. రిజిస్ట్రేషను, బీమాలతో ఎనిమిదిన్నర లక్షల బండికి మా వద్ద పోగైనది అయిదున్నర లక్షలు. వాయిదాల పద్ధతికి పోక, ఇచ్ఛాపురంలో ఉన్న మా బావమరిది వద్ద మూడు లక్షలు కర్జె హసనాగా, అనగా వడ్డీ లేని చేబదులుగా తీసుకోవడానికి నిశ్చయించాము. ఎంత ఆప్తుల మధ్య అప్పైనా కాగితం మీద వ్రాసుకోవాలని పెద్దలు నేర్పారు గనుక తీర్చే తేదీలు సైతం వ్రాసుకొన్నాము.

ధనం తరువాత చూడవలసినది గోడ. ఇంటిలో 15 ఆంపియర్ల సాకెట్ ఉంటే రాత్రివేళ కారు చార్జింగు చేసుకోవచ్చు. 24 కిలోవాట్ గంటల బ్యాటరీ నిండటానికి 8, 9 గంటలు పడుతుంది. కాని సాకెట్ కంటె ముఖ్యమైనది ఎర్తింగు. ఉద్దానం ఇసుక నేల వేసవిలో ఎండిపోయినప్పుడు విద్యుత్తును సరిగా భూమిలోనికి పోనివ్వదు. అందువలన లోతైన గుంట తీసి బొగ్గు, ఉప్పు వేసి తడి ఆరకుండ చూడాలి. ఆ ఉప్పు కొరకు మేము దూరం పోనక్కరలేదు. టెక్కలి ప్రక్కనే నౌపడ ఉప్పుమళ్ళు ఉన్నాయి. ఆ ఉప్పుగాలి ఇనుముకు చేసే హాని కూడ మాకు తెలుసు గనుక ప్లగ్గు, సాకెట్ కప్పుతో ఉండేటట్లు అమర్చుకొన్నాము. మన పల్లెలలో గోడకు గోడ ఆనుకొన్న వరుస ఇండ్లు ఎక్కువ. బండి ఒక చోట, మీటరు మరొక చోట ఉన్నవారు, అద్దె ఇంట ఉండి యజమాని అనుమతి లేనివారు మొదట కారు ధర కాదు, ఇంటి గోడ సంగతి తేల్చుకోవాలి.

తుపాను మాటేమిటని పలువురు అడిగారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ మా ప్రాంతపు స్తంభాలను, చెట్లను పడగొట్టి రోజుల తరబడి చీకటిలో ఉంచింది. విద్యుత్తు లేని వేళ విద్యుత్ కారు ఎందుకన్న ప్రశ్న సమంజసమే. అయితే పెట్రోలు బంకులోని పంపు కూడ విద్యుత్తుతోనే నడుస్తుంది. తుపాను హెచ్చరిక నేడు రెండు మూడు రోజులు ముందుగానే అందుతున్నది. ఆ వ్యవధిలో బ్యాటరీ నింపుకొంటే 160, 170 కిలోమీటర్లు, అనగా నాలుగు ఆసుపత్రి ప్రయాణాలు, వారానికి పైబడిన ధైర్యం. విశాఖపట్నం మాత్రం ఒక్క చార్జింగుతో చేరలేము. శ్రీకాకుళం పరిసరాలలో ఆగి గంటసేపు చార్జింగు చేసుకోవాలి. కంపెనీ ప్రకటించే దూరం పరీక్షశాలలోనిది. దానిలో మూడింట రెండు వంతులే రహదారి మీద నమ్మదగినదని నా అభిప్రాయం.

ఒక విషయం మనస్సాక్షికి సంబంధించినది. విద్యుత్ కారుకు పొగగొట్టం లేదు గాని, దాని విద్యుత్తుకు ఎక్కడో ఉన్నది. మన దేశపు విద్యుత్తులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుండి వస్తున్నదే. ఆ బొగ్గు కేంద్రాలు తమ చిత్తడి నేలల్లో వద్దని సోంపేట బీల రైతులు, కాకరాపల్లి తంపర మత్స్యకారులు పోరాడినది ఇక్కడనే. 2010 జూలై 14న సోంపేటలోను, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి వద్దను పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ నేల మీద నివసిస్తూ, నా కారు నిర్మలమైనదని గొప్పలు చెప్పుకోలేను. అవసరానికి మించిన పెద్ద బ్యాటరీ వద్దని, నెలకు 700 కిలోమీటర్లు తిరిగే ఇంటికి చిన్న కారే చాలునని మేము అనుకోవడానికి ధర ఒక్కటే కారణం కాదు. అప్పు తీరిన తరువాత ఇంటి కప్పు మీద సౌర ఫలకాలు అమర్చాలన్న ఆలోచన కూడ ఇందుకే.

ఈ విధంగా మా ఇంటికి సమయం నిశ్చయమైంది. ఈ వేసవి సెలవులలో చిన్న విద్యుత్ కారు కొంటున్నాము. మరుసటి ఏడు ఇంతకన్న మంచి కారు ఇంతకన్న చౌకగా రావచ్చు. వస్తే సంతోషమే, అది అప్పుడు అవసరపడిన ఇంటికి చేరుతుంది.

విద్యార్థి మిత్రులారా! మా నిర్ణయాన్ని మీరు అనుకరించనక్కరలేదు. నెలకు 200 కిలోమీటర్లు తిరగని ఇంటికి ఈ కారుతో ఇప్పుడు పని లేదు; ఆర్.టి.సి. బస్సు ఉన్నది. నెలకు మూడు వేల కిలోమీటర్లు బాడుగకు తిరిగే డ్రైవరుకు పెట్రోలు కారుతో తేడా రెండేండ్లలోపే పూడుతుంది. అతడు ఆలోచిస్తూ కూర్చోవడం నష్టం. ఇంట ప్లగ్గు లేనివాడు ఎంత ధనవంతుడైనా ఆగవలసిందే. కొనే ముందు మూడు విషయాలు కాగితం మీద వ్రాసుకోండి: నెలకు తిరిగే దూరమెంత, రాత్రి బండి నిలిపే చోట కరెంటు ఉన్నదా, అప్పుల ఊబిలో దిగకుండ ఎంత ఇవ్వగలము? ఆ తరువాత, ఆగితే ఆ భారం ఇంటిలో ఎవరు మోస్తారో కూడ వ్రాయండి. సాధారణంగా ఆ భారం లెక్క వేసేవాని మీద పడదు. పడేవారిని అడిగి, ఆ తరువాతనే తేదీ నిర్ణయించండి.